14×17 అంగుళాల ఫొటోకి లెన్స్: ₹1.4 లక్షలు అడిగారు, నాకు ₹4,000కి దొరికింది

ఫోన్ కెమెరా రివ్యూల్లో "భారీ సెన్సార్" అని మనం ఊదరగొట్టే ఒక ఇంచ్ టైప్ సెన్సార్ కర్ణం దాదాపు 16 ఎంఎం. నేను ఈమధ్య వాడుతున్న ఫిల్మ్ షీట్ కర్ణం 559 ఎంఎం. షీట్ సైజు 14×17 అంగుళాలు. వైశాల్యం లెక్కేస్తే ఆ ఫోన్ సెన్సార్‌కి 1300 రెట్ల పైనే ఉంటుంది. 8×10 అంగుళాలకి మించిన నెగటివ్ దేన్నైనా అల్ట్రా లార్జ్ ఫార్మాట్ అంటారు. 11×14, 7×17, 12×20, 16×20, 20×24 ఇవన్నీ ఈ కోవలోవే.

ఫోన్ల సైట్‌లో ఈ గోలేంటి అనుకోకండి. నేను ఇందులోకి దిగింది కూడా మీలాగే స్పెక్స్ పిచ్చితోనే. ఆ పిచ్చి వల్లే ఏడాదికి పైగా టైమ్, బోలెడు డబ్బు పోగొట్టుకున్నాను. టైమ్ గురించే ఎక్కువ బాధ. ఎందుకో తర్వాత చెప్తా.

ఈ సైజు ఫొటోగ్రఫీలో కెమెరా పెద్ద సమస్య కాదు. అదొక చీకటి పెట్టె, ప్లైవుడ్‌తో వడ్రంగి చేసిపెడతాడు. ఫిల్మ్‌కి కూడా దారి ఉంది. అందరూ ఇరుక్కునేది లెన్స్ దగ్గరే. వేలం సైట్లలో "అల్ట్రా లార్జ్ ఫార్మాట్" అని టైటిల్‌లో పెట్టగానే రేటు ఎక్కడికో వెళ్ళిపోతుంది. నేను మనసుపడ్డ ఒక లెన్స్‌కి షిప్పింగ్, కస్టమ్స్ కలిపి ₹1.4 లక్షలు తేలింది. మంచి ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొనుక్కునే డబ్బు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: పోర్ట్రెయిట్ కోసం, అదీ కాంటాక్ట్ ప్రింట్ కోసం అయితే ఆ డబ్బులో నూటికి తొంభై వంతులు దండగ. మనం లెన్స్‌ని తప్పు స్పెక్ చూసి కొంటున్నాం.

షార్ప్‌నెస్ ఎవరిక్కావాలి?

ఇంత పెద్ద నెగటివ్‌ని ఎన్‌లార్జ్ చెయ్యరు. ఫొటో పేపర్ మీద నేరుగా పెట్టి, పైన అద్దం బిగించి, లైట్ వేస్తారు. నెగటివ్ ఎంతో ప్రింట్ అంతే. అదే కాంటాక్ట్ ప్రింట్. ఇప్పుడు లెక్క చూడండి. పుస్తకం చదివే దూరంలో మన కన్ను ఒక మిల్లీమీటర్‌లో సుమారు 5 నుంచి 8 జతల గీతల్ని విడివిడిగా చూడగలదు. అంతకుమించి లెన్స్ ఎంత అందించినా ప్రింట్‌లో కంటికి కనపడదు.

మరి ఫోన్ సంగతి? 0.8 మైక్రాన్ పిక్సెల్స్‌ని పూర్తిగా వాడుకోవాలంటే దాని లెన్స్ మిల్లీమీటర్‌కి 600 జతల గీతలు విడదీయాలి. అంటే మీ జేబులో ఉన్న ఆ బుల్లి ప్లాస్టిక్ లెన్సుల మీద పడే భారం, నా అరకిలో గాజు మోసే భారానికి దాదాపు వంద రెట్లు. నిజం చెప్పాలంటే నూరేళ్ళ కిందటి లెన్స్ కూడా నా పనికి సరిపోతుంది. రాపిడ్ రెక్టిలీనియర్ అనే డిజైన్ 1866 నాటిది. ఎడ్వర్డ్ వెస్టన్ మెక్సికోలో ఉన్నప్పుడు ఆ రకం పాత లెన్స్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొని, దాంతో 8×10 నెగటివ్‌లు తీసి కాంటాక్ట్ ప్రింట్లే వేశాడు. ఆయన్ని ఎవరూ "షార్ప్‌గా లేదు" అనలేదు.

ఎపర్చర్ బాగా తగ్గిస్తే డిఫ్రాక్షన్ వచ్చి ఫొటో మెత్తబడుతుంది కదా అని తెలిసినవాళ్ళు అడుగుతారు. ఫోన్‌కైతే అది పెద్ద తలనొప్పే. ఇక్కడ ఎఫ్/64 పెట్టినా మిల్లీమీటర్‌కి 20కి పైనే జతలు మిగులుతాయి. కంటికి కావాల్సింది 8. వెస్టన్, ఆన్సెల్ ఆడమ్స్ వాళ్ళు 1932లో తమ బృందానికి గ్రూప్ ఎఫ్/64 అని ఊరికే పేరు పెట్టుకోలేదు.

అంటే ఈ సైజులో లెన్స్‌ని అడగాల్సింది ఒక్కటే: నీ వెలుతురు వృత్తం నా ఫిల్మ్ మూలల దాకా చేరుతుందా? దీన్నే ఇమేజ్ సర్కిల్ అంటారు. 14×17కి అది కనీసం 559 ఎంఎం ఉండాలి. 11×14కి 452.

నన్ను ముంచిన లెన్స్

మొదట్లో ఒక సెల్లర్ దగ్గర "14×17 కవర్ చేస్తుంది" అని రాసిన 360 ఎంఎం లెన్స్ ₹38,000 పెట్టి కొన్నాను. వచ్చింది. డాబా మీద పెట్టి ఎదురుగా ఉన్న వాటర్ ట్యాంక్‌కి గురిపెట్టాను. గ్రౌండ్ గ్లాస్ మీద మధ్యలో ఒక గుండ్రటి బొమ్మ, చుట్టూ నాలుగు మూలలా చీకటి. సుమారు 300 ఎంఎం దాకానే వెలుతురు. గొడవపడితే సెల్లర్ చెప్పిన జవాబు నాకు అప్పుడు మోసంలా అనిపించింది: "దగ్గర వస్తువుకి కవర్ చేస్తుంది." దాన్ని నష్టానికి అమ్మేశాను.

నిజానికి అతను చెప్పింది సగం కరెక్టే. ఆ సగం నాకు ముందే తెలిసి ఉంటే ఈ ఆర్టికల్ ఏడాది ముందు రాసేవాణ్ణి.

లెన్స్ దూరపు వస్తువు మీద ఫోకస్ అయినప్పుడు ఫిల్మ్ దానికి ఒక ఫోకల్ లెంగ్త్ దూరంలో ఉంటుంది. వస్తువు దగ్గరకొచ్చేకొద్దీ ఫిల్మ్‌ని వెనక్కి జరపాలి. వెలుతురు శంకువు ఆకారంలో వస్తుంది కాబట్టి వెనక్కి జరిపేకొద్దీ వృత్తం పెద్దదవుతుంది. ఫిల్మ్ మీద బొమ్మ అసలు సైజులో సగం పడితే వృత్తం ఒకటిన్నర రెట్లు. అసలు సైజే పడితే రెండు రెట్లు. చీకట్లో గోడ మీద టార్చ్ వేసి వెనక్కి నడవండి, అదే సంగతి.

ఇప్పుడు 14×17లో తల, భుజాలు వచ్చే పోర్ట్రెయిట్ ఊహించుకోండి. బొమ్మ సగం సైజులో పడితే ఫ్రేమ్‌లో 28×34 అంగుళాల మేర వస్తుంది. మనిషి తల నుంచి ఛాతీ దాకా చక్కగా పడుతుంది. అంటే ఈ ఫార్మాట్‌లో మామూలు పోర్ట్రెయిట్ కూడా క్లోజప్ లెక్కే. దూరపు కొండల్ని కవర్ చెయ్యలేని లెన్స్ కూడా ఎదురుగా కూర్చున్న మనిషిని హాయిగా కవర్ చేస్తుంది. ఏ దూరంలో, ఏ ఎపర్చర్‌లో అని చెప్పకుండా "14×17 కవర్ చేస్తుంది" అంటే దానికి అర్థమే లేదు. ఎన్ని గంటలు వాడారో చెప్పకుండా బ్యాటరీ బాగుందన్నట్టు ఉంటుంది.

కెమెరా రూమ్‌లో పనిచేసిన మనిషి

మా పెదనాన్న విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పాతికేళ్ళ పైన పనిచేశారు. చిన్నప్పుడు "కెమెరా రూమ్‌లో పని" అంటే ఫొటోలు తీసే ఉద్యోగం అనుకునేవాణ్ణి. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు అటక మీద పెట్టిన నా సగం కెమెరా సంగతి, లెన్స్ దొరకని సంగతి చెప్పుకుంటూ కూర్చున్నాను. ఆయన అంతా విని, "ఎంత లెన్స్ కావాల్రా?" అన్నారు.

"400 ఎంఎం దాటి ఉండాలి పెదనాన్నా. అలాంటివి మన దగ్గర దొరకవు."

"మా కెమెరాకి ఉన్నది 480 కదరా."

డీటీపీ, తర్వాత కంప్యూటర్ నుంచే ప్లేట్ వచ్చే మెషీన్లు రాకముందు, ప్రతి ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ప్రాసెస్ కెమెరా అని ఒకటి ఉండేది. పేజీని బోర్డుకి బిగించి, రెండు పక్కలా లైట్లు వేసి, దాన్ని యథాతథంగా పెద్ద లైన్ ఫిల్మ్ మీదికి ఎక్కించడం దాని పని. ఫొటోలైతే మధ్యలో స్క్రీన్ పెట్టి చుక్కలుగా మార్చేవాళ్ళు. ఆ ఫిల్మ్ నుంచే ప్లేట్. అక్షరం అంచు మూలల్లో కూడా చెదరకూడదు, గీత వంగకూడదు, రంగుకో ఫిల్మ్ తీసినా నాలుగూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవాలి. అందుకోసమే చేసిన లెన్సులు గోర్జ్ ఆర్టార్, రోడెన్‌స్టాక్ అపో-రోనార్, ష్నైడర్ జి-క్లారాన్, అపో-నిక్కోర్ లాంటివి. ఎపర్చర్ ఎఫ్/9 చుట్టుపక్కల, షట్టర్ ఉండదు, దగ్గరి దూరాల కోసమే డిజైన్ చేసినవి. నాకు కావాల్సింది అచ్చంగా ఇదే! నేను పదిహేను నెలలుగా విదేశీ వేలం సైట్లు తిరగేస్తున్నాను. మా ఇంట్లో ఆ లెన్స్ వెనక సగం జీవితం నిలబడ్డ మనిషి ఉన్నారు. నేను అడగలేదు, అంతే.

మర్నాడు ఇద్దరం ఆ ప్రెస్‌కి వెళ్ళాం. కెమెరా ఎప్పుడో ఇనప సామాన్లకి పోయింది. లెన్స్ మాత్రం, "గాజు కదా, కిలోకి ఎంత వస్తుందిలే" అని, పాత ప్లేట్ల బీరువాలో ఒక గుడ్డలో చుట్టి వదిలేశారు. ముందు రింగ్ మీద అపో-రోనార్, 1:9, 480 అని చెక్కి ఉంది. ఓనర్ గారు ఊరికే తీసుకెళ్ళమన్నారు, పెదనాన్న ఒప్పుకోలేదు. ₹4,000 ఇచ్చాం.

ఈ రకం లెన్సుల కోణం సుమారు 45 డిగ్రీలు. అంటే దూరపు వస్తువుకి వృత్తం ఫోకల్ లెంగ్త్‌లో 0.83 వంతు. 480కి అది దాదాపు 400 ఎంఎం. పేపర్ మీద చూస్తే 11×14కి కూడా చాలదు, వేలం సైట్లో అయితే నేను పట్టించుకునేవాణ్ణే కాదు. సగం సైజు పోర్ట్రెయిట్‌కి లెక్కేస్తే 600. 14×17కి కావాల్సింది 559. సరిపోయింది.

మీకూ ఇలాంటిది కావాలంటే విజయవాడ, హైదరాబాద్, శివకాశి లాంటి చోట్ల పాత ప్రెస్‌ల వాళ్ళని, ప్రింటింగ్ మెషీన్ల స్క్రాప్ వ్యాపారుల్ని అడగండి. "కెమెరా లెన్స్" అంటే డీఎస్‌ఎల్‌ఆర్ అనుకుంటారు, "ప్రాసెస్ కెమెరా లెన్స్" అనాలి. ఒక పక్క నుంచి ఫోన్ టార్చ్ వేసి ఇంకో పక్క నుంచి చూడండి. సాలెగూడులా పాకి ఉంటే అది ఫంగస్. కాస్త అంచున ఉంటే పర్లేదు, మధ్యలో దట్టంగా ఉంటే వదిలేయండి. చిన్న గీతలకి బేరమాడండి గానీ భయపడకండి. ఎపర్చర్ రింగ్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రం ముఖ్యం. బిగించుకునే రింగ్ చాలాసార్లు కెమెరాతోపాటే పోయి ఉంటుంది. నాకు ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో ₹900కి అల్యూమినియం రింగ్ మరలతో సహా చేసిచ్చారు.

షట్టర్ లేదు, బెలోస్ లేదు, కెమెరా కూడా లేదు

నా సగం కెమెరా ఇంకా అటక మీదే ఉంది. దాని అవసరం లేదని చెప్పింది కూడా పెదనాన్నే. "మా కెమెరా వెనక భాగం డార్క్ రూమ్‌లోనే ఉండేదిరా. ముందు లైట్లు, వెనక చీకటి, మధ్యలో గోడ." అంతే, ఆయన ఇంటి ముందుగదినే కెమెరా చేశాం. వీధి తలుపుకి కొలిచి కోసిన ప్లైవుడ్ పలక, దానికి లెన్స్. కిటికీలకి నల్ల గుడ్డ. లోపల లెన్స్‌కి 72 సెంటీమీటర్ల దూరంలో స్టాండ్ మీద ఒక తెల్ల బోర్డు. బయట వసారాలో లెన్స్‌కి 1.44 మీటర్ల దూరంలో కుర్చీ. చీకటి గదిలో ఆ బోర్డు మీద మా పెదనాన్న తలకిందులుగా, రంగుల్లో, కళ్ళార్పుతూ కనపడ్డప్పుడు నేను అన్ని స్పెక్స్ మర్చిపోయాను.

ఫిల్మ్‌గా వాడింది ఎక్స్‌రే ఫిల్మ్. 14×17 దానికి మామూలు సైజే. ఎర్ర లైట్‌లో చేత్తో పట్టుకోవచ్చు కాబట్టి బోర్డుకి నేరుగా గుచ్చేశాను. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఇప్పుడు ల్యాబుల్లో ఎక్కువగా వాడేది డ్రై ప్రింటర్ ఫిల్మ్, అది పనికిరాదు. తడి ప్రాసెసింగ్‌ది, గ్రీన్ సెన్సిటివ్ అని అడగండి. నాకు 50 షీట్ల బాక్స్ ₹4,200 పడింది. రెండు వైపులా ఎమల్షన్ ఉంటుంది, ట్రే అడుగున అద్దం పలక వెయ్యకపోతే గీతలు పడతాయి. నేను మొదటి మూడు షీట్లు అలాగే పాడుచేశాను.

ఎపర్చర్ ఎఫ్/45. అక్కడ ముక్కు నుంచి చెవుల దాకా సుమారు 10 సెంటీమీటర్ల మేర స్పష్టంగా వస్తుంది. పొద్దున్నే నీడపట్టు వెలుతురులో 3 సెకన్లు. షట్టర్ అంటే లెన్స్ మీద నేను పెట్టిన డబ్బా మూత. మూత తీసి, మూడు లెక్కపెట్టి, మళ్ళీ పెట్టడమే. పెదనాన్నకి అలవాటే, ఆయన పాతికేళ్ళు ఇంతకంటే ఎక్కువే లెక్కపెట్టారు.

మరి ₹4,000 కూడా లేకపోతే? కళ్ళజోడు షాపుకి వెళ్ళి +2 పవర్ గుండ్రటి లెన్స్, ఫ్రేమ్‌కి కొయ్యకముందుది అడగండి. ఒక మీటర్‌ని పవర్‌తో భాగిస్తే ఫోకల్ లెంగ్త్. +2 అంటే 500 ఎంఎం. లోపలికి వంగిన వైపు మనిషికేసి తిప్పి, దానికి ముందు కాస్త దూరంలో చిన్న రంధ్రం ఉన్న నల్ల అట్ట పెట్టండి. 1812లో వోలాస్టన్ చెప్పిన పద్ధతి ఇదే. దీనికి రంగుల తేడా ఉంటుంది. కంటికి ఫోకస్‌లో కనపడ్డ చోట నీలం వెలుతురు ఫోకస్ అవ్వదు, కాస్త ముందే అవుతుంది. ఎక్స్‌రే ఫిల్మ్‌కి నీలం, ఆకుపచ్చలే కనపడతాయి కాబట్టి ఫోకస్ చేశాక బోర్డుని కొంచెం లెన్స్ వైపు జరపాలి. ఎంత అన్నది గోడకి న్యూస్‌పేపర్ అంటించి రెండు మూడు షీట్లతో తేల్చుకోవాల్సిందే. అంచులు మెత్తగా వస్తాయి. ముఖాలకి అది లోపమని నేననుకోను. ఈ "మెత్తదనం" కోసమే జనం పెద్ద ఇత్తడి పెట్జ్‌వాల్ లెన్సులకి లక్షలు పోస్తున్నారు మరి.

ఖరీదైన లెన్స్ ఎవరికీ వద్దని కాదు. దూరపు ల్యాండ్‌స్కేప్‌లు వైడ్‌గా తీయాలంటే నిజంగానే పెద్ద ఇమేజ్ సర్కిల్ కావాలి, అక్కడ క్లోజప్ లాభం ఉండదు. కదిలే పిల్లల్ని తీయాలంటే షట్టర్ కావాలి. నెగటివ్‌ని స్కాన్ చేసి గోడంత పెద్దది చెయ్యాలంటే నా "8 గీతలు చాలు" లెక్క చెల్లదు. మీరు ఆ బాపతు అయితే డబ్బు దాచుకోండి. కానీ మొదటి లెన్స్ కోసమే ఏడాది ఆగడం మాత్రం నేను చేసిన తప్పు, మీరు చెయ్యకండి. నేను వేలం పేజీలు రిఫ్రెష్ చేస్తూ కూర్చున్న ఆ పదిహేను నెలల్లో పెదనాన్న గ్లకోమా ఎడమ కంటిని దాదాపు తీసుకెళ్ళిపోయింది. పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్ ముందే చెప్పారు. మొదలుపెట్టిన రోజే కళ్ళజోడు లెన్స్‌తో తీసినా ఆయన తన ఫొటోని రెండు కళ్ళతో చూసుకునేవారు.

సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి నిజాంకి ఫొటోలు తీసిన లాలా దీన్‌దయాళ్ కాలంలో ప్రింట్లు ఎక్కువగా ఇలాగే, గాజు నెగటివ్ మీద పేపర్ పెట్టి వేసేవాళ్ళు. మేమూ అదే గదిలో, అద్దం, నలభై వాట్ల బల్బుతో వేశాం. ప్రింట్ ఆరాక పెదనాన్న పాత అలవాటు కొద్దీ ప్రెస్ లూప్ తీసి, కుడి కన్నుకి ఆనించి, తన ముఖం మీదే అంగుళం అంగుళం జరుపుతూ చూశారు. కింద గడ్డం దగ్గర తెల్ల వెంట్రుకల దగ్గర చాలాసేపు ఆగారు.

"చుక్కల్లేవురా," అన్నారు.

బాక్స్‌లో ఇంకా 41 షీట్లు ఉన్నాయి. ప్లైవుడ్ పలక తలుపుకే వదిలేసి వచ్చాను. వచ్చే నెల పెద్దమ్మ వంతు. ఈసారి +2 గాజుతో తీస్తా.